ఆటిజంతో డ్రైవింగ్ – 4వ పాఠం: ఒంటిని కాదు, గడియారాన్ని అడగండి

పోయిన పాఠంలో ఖాళీ రోడ్డు మీద లేన్ మారడం చేశాం. నేర్చుకున్నాక కూడా కారును షెడ్డులో మగ్గబెట్టేలా చేసే సంగతి ఇప్పుడు. అరగంట నడిపి ఇంటికొస్తే రెండు గంటలు మాట కూడా పెగలనంత నీరసం. రేపు మళ్లీ తాళాలు తీయాలంటే దడ. ఈ రెంటినీ విడివిడిగా పట్టుకుంటే లొంగవు, నిన్నటి నీరసమే రేపటి దడను పెంచుతుంది.

ఈ అలసటకు కిలోమీటర్లతో పెద్దగా సంబంధం లేదు. చెయ్యి తిరిగిన డ్రైవరుకు వైపర్ చప్పుడు, పక్క ఆటో వెనక రాతలు, అద్దంలో పడే ఎండ వాటంతటవే వెనక్కి తగ్గిపోతాయి. ఆటిజం ఉన్న చాలామందికి అవేవీ తగ్గవు, అన్నీ ఒకే జోరుతో మీద పడుతుంటాయి. అందుకే సాయంత్రం అమీర్‌పేటలో 4 కిలోమీటర్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీద 40 కిలోమీటర్ల కంటే ఎక్కువ పిండేస్తాయి.

ఇంకో చిక్కుంది. ఆకలి, దాహం, నిద్ర వంటి కబుర్లు ఒంట్లోంచి ఆలస్యంగా అందడం ఆటిజంలో తరచూ కనిపించేదే. ‘అలసటగా ఉంటే ఆపేయండి’ అన్న సలహా ఇక్కడే పనికిరాకుండా పోతుంది. అలసట తెలిసేసరికి చేతులు తప్పులు చేస్తూనే ఉంటాయి. కాబట్టి ముందుగా ఒక గడువు కట్టుకోవాలి.

ఆదివారం పొద్దున 6 గంటలకు, బాగా తెలిసిన దారిలో, లైసెన్సు ఉన్న ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ మనిషి పని మాట్లాడటం కాదు, రాసుకోవడం. ఇండికేటర్ మరిచారా, బ్రేకు ఆలస్యంగా గట్టిగా పడిందా, ముందు బండికి మరీ దగ్గరయ్యారా, స్టీరింగ్ మీద వేళ్లు తెల్లబడ్డాయా? ఏది ఎన్నో నిమిషంలో కనిపించిందో రాయాలి. మూడు ఆదివారాల్లో అన్నిటికన్నా ముందుగా గుర్తు కనిపించింది 45వ నిమిషంలో అనుకుందాం. అందులో మూడింట రెండొంతులు, అంటే 30 నిమిషాలు మీ గడువు.

ఇక కోతలు. వాన ఉంటే 5 నిమిషాలు, చీకటైతే 5, పక్కన మాట్లాడే మనిషి ఉంటే 5, కొత్త దారైతే 10, ఆఫీసు నుంచో ఫంక్షన్ నుంచో వస్తుంటే 10 తీసేయండి. పెళ్లి భోజనాలయ్యాక రాత్రి వానలో బయల్దేరితే మిగిలేది 10 నిమిషాలే. ఇల్లు 25 నిమిషాల దూరమైతే ఆ రోజుకు క్యాబే. ఇది డాక్టర్ల లెక్క కాదు, పాఠం కోసం మేం పెట్టిన అంకెలు. రెండు నెలలు తిరిగేసరికి మీ నోటుబుక్కే వీటిని దిద్దుతుంది.

గడువు దాటే ప్రయాణమైతే ఎక్కడ ఆగాలో ఇంట్లోనే తేల్చుకోండి. పెట్రోలు బంకు మేలు. ఔటర్ మీదైతే పక్కన ఆపొద్దు, ఎగ్జిట్ తీసుకుని కిందికి దిగాలి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, 15 నిమిషాలు కళ్లు మూసుకోండి. ఫోన్ చూస్తూ కూర్చుంటే అది విశ్రాంతి కాదు. కాఫీ పని చేయడానికి 20, 30 నిమిషాలు పడుతుంది, పైగా దడ ఉన్నవాళ్లకు దాన్ని ఇంకాస్త పెంచొచ్చు. ఏసీ లోపలి గాలినే తిప్పే బటన్ మీద గంటలకొద్దీ ఉంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తొస్తుంది, మధ్యమధ్య బయటి గాలి లోపలికి వదలండి. ఒకవేళ మాట పెగలకుండా పోతే, దారి ఖాళీగా కనిపించినా సరే, ఆ రోజుకు ఇక నడపొద్దు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని తేరుకోవడం అనుకుని మళ్లీ తాళం తిప్పడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

దడ విషయానికొస్తే, ఎక్కువమందిని భయపెట్టేది సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం. హారన్ మోగగానే ఎడమ కాలు క్లచ్ మీద నుంచి ఒక్కసారిగా లేస్తుంది, ఇంజన్ చస్తుంది. వెనక హారన్లు రెట్టింపవుతాయి. అప్పుడు చేయాల్సింది ఇదే వరసలో: కుడి కాలు బ్రేకు మీద, హజార్డ్ లైట్లు, క్లచ్ పూర్తిగా కిందికి, గేరు న్యూట్రల్, తాళం, ఫస్ట్ గేరు. క్లచ్‌ను బండి కాస్త వణికేదాకా నెమ్మదిగా వదిలి అక్కడే ఆపండి, బ్రేకు వదలండి, కదిలాక హజార్డ్ తీసేయండి. అంతా కలిపి పది సెకన్లు కూడా పట్టదు. వెనకాయన హారన్‌లో మీకు తెలియని కొత్త సంగతేమీ ఉండదు.

దీన్ని చెవులకు కూడా నేర్పాలి. ఖాళీ మైదానంలో బండి కావాలనే ఆపి ఈ వరసను 20 సార్లు చేయండి. తర్వాత పక్కనున్న మనిషి ఫోన్‌లో హారన్ల రికార్డింగు పెట్టాలి, మొదట చిన్నగా, రోజుకు కాస్త పెంచుతూ. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు దూర్చుకోవడం దీనికి మందు కాదు, అంబులెన్స్ సైరన్ కూడా సరిగా వినపడకపోవచ్చు.

క్లచ్చే ప్రాణం తీస్తోందంటే ఆటోమేటిక్‌కు మారడంలో నామోషీ ఏమీ లేదు. కాకపోతే బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అక్కడ ఆటోమేటిక్‌తో టెస్టు పాసైతే ఆ లైసెన్సు మీద మాన్యువల్ కారు నడపకూడదు.

మలుపు తప్పినా బ్రేకు కొట్టొద్దు, వెనక్కి తీయొద్దు. నేరుగా పోయి తర్వాతి యూటర్న్ దగ్గర తిరగండి. అదనంగా పోయే ఆ నిమిషాలు బయల్దేరే ముందే గడువులో కలిపి చూసుకోవాలి.

ఈ వారం అభ్యాసం: ఒక ఆదివారం పరీక్ష, మైదానంలో బండి కావాలనే ఆపి మళ్లీ కదపడం 20 సార్లు. ఒక్క రోజున రెండూ పెట్టుకోవద్దు.