గాలింపు గణితం – 3వ పాఠం: చుక్క చుట్టూ చదరం

సముద్రంలో కొట్టుకుపోతున్న పడవను హెలికాప్టర్‌తో ఎక్కడ వెతకాలో లెక్క వేసి, గత పాఠంలో గ్రాఫ్ కాగితం మీద ఒక చుక్క పెట్టి ఆపాం. ఈసారి గీసే గీతలన్నీ ఆ చుక్క నుంచే బయల్దేరతాయి కాబట్టి ఆ లెక్క ఒకసారి సరిచూసుకోండి.

మార్చి నెల. సూర్యలంక తీరానికి నేరుగా దక్షిణాన 20 నాటికల్ మైళ్ళ దూరంలో, వేటకు వెళ్ళిన చిన్న పడవ ఇంజను ఆగిపోయింది. పొద్దున 6 గంటలకు తానున్న చోటు వైర్‌లెస్‌లో చెప్పింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. హెలికాప్టర్ అక్కడికి చేరేది 8 గంటలకు. మన తీరం వెంట సముద్రపు ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యం వైపు నడుస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతి వైపు తిరుగుతుంది. ఇది మార్చి కాబట్టి ఈశాన్యానికి 1 నాట్, అంటే గంటకు ఒక నాటికల్ మైలు అనుకున్నాం. గాలి దక్షిణం నుంచి 15 నాట్లతో వీస్తోంది. అందులో 4 శాతం వేగంతో పడవ గాలికి కొట్టుకుపోతుందని లెక్క వేస్తే 0.6 నాట్.

ఒక సెంటీమీటరును ఒక నాటికల్ మైలుగా తీసుకోండి. రెండు గంటలకు ఈశాన్యంగా 2 సెంటీమీటర్లు, ఆ చివర నుంచి నేరుగా ఉత్తరానికి 1.2 సెంటీమీటర్లు గీయండి. మొదటి చుక్క నుంచి కొలిస్తే దాదాపు 3 సెంటీమీటర్లు, ఉత్తరం నుంచి తూర్పుకు 28 డిగ్రీలు రావాలి. రాకపోతే స్కేలు జరిగిందన్నమాట, మళ్ళీ గీయండి. ఈ కొత్త చుక్కే డేటమ్, అంటే పడవ ఇప్పుడు ఉండొచ్చని లెక్క వేసిన చోటు. పడవ సరిగ్గా అక్కడే ఉంటుందని ఎవరూ నమ్మరు. కానీ వెతకడం ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

ఇప్పుడు చదరం. డేటమ్ నుంచి మొదటి గీత గాలికి ఎదురుగా గీయాలి. ఎదురుగాలిలో వెళ్ళే హెలికాప్టర్ పక్కకు నెట్టుకుపోదు కాబట్టి మొదటి గీత తిన్నగా వస్తుంది. మన గాలి దక్షిణం నుంచి కదా, అందుకని దక్షిణానికి 1 మైలు (ఇకపై మైలు అంటే నాటికల్ మైలే). అక్కడ కుడికి తిరగాలి, పడమటికి 1. మళ్ళీ కుడికి, ఉత్తరానికి 2. తూర్పుకు 2. దక్షిణానికి 3, పడమటికి 3. ఇలా రెండు గీతలకోసారి ఒక్కో మైలు పెంచుతూ 5, 5 దాకా గీయండి. ప్రతి మలుపూ కుడికే, ప్రతిదీ 90 డిగ్రీలే. పైలట్ కుడి సీట్లో కూర్చుంటాడు కాబట్టి కుడి మలుపులో అతనికి కింద చక్కగా కనబడుతుందని కూడా గుర్తుపెట్టుకోండి.

గీతల పొడవు మొత్తం కూడితే 30 మైళ్ళు. 60 నాట్ల వేగంతో వెళ్తే అరగంట. వెతికిన వైశాల్యం కావాలంటే వేగాన్ని సమయంతో, ఆ వచ్చినదాన్ని వరుసల మధ్య ఎడంతో గుణించాలి. 60 × 0.5 × 1 = 30 చదరపు నాటికల్ మైళ్ళు. ఈ ఒక్క గుణకారం నోటికి వస్తే చాలు, ఈ ధారావాహికలో మిగతా లెక్కలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇక్కడో మెలిక ఉంది. ఆ ఎడం 1 మైలు అని మనం ఎందుకు పెట్టాం? అది మన ఇష్టం కాదు, కింద ఉన్న వస్తువు నిర్ణయిస్తుంది. హెలికాప్టర్ నుంచి ఒక వస్తువును నమ్మకంగా పట్టుకోగల పట్టీ వెడల్పును చూపు వెడల్పు అందాం. పడవకు 1 మైలు అని ధైర్యంగా పెట్టుకోవచ్చు. నీళ్ళలో తల మాత్రమే తేలుతున్న మనిషికి అది నాటికల్ మైలులో పదో వంతు, అంటే సుమారు 185 మీటర్లు. అలలు నురగలు కక్కుతుంటే ఆ మాత్రం కూడా ఉండదు. ఎడం పదో వంతుకు తగ్గితే అదే 30 చదరపు మైళ్ళకు అరగంట కాస్తా ఐదు గంటలవుతుంది. పడవ బోల్తా పడినా దాన్ని వదలకండి, పట్టుకుని ఉండండి అని మత్స్యకారులకు చెప్పేది ఇందుకే. లైఫ్ జాకెట్ తేల్చడమే కాదు, చూపు వెడల్పును కూడా పెంచుతుంది.

ఎడాన్నీ చూపు వెడల్పునూ సమానంగా పెట్టి వరుసలన్నీ శుభ్రంగా తిరిగినా, ఆ చదరంలో ఉన్న వస్తువు దొరికే అవకాశం వందకు 78 దాకానే. తప్పిపోయే 22 ఎప్పుడూ ఉంటుంది. రెండోసారి తిరిగితే ఆ 22లో మళ్ళీ 22 శాతమే మిగులుతుంది, అంటే దాదాపు 5. అందుకే "అక్కడ చూసేశాం" అన్న మాట ఈ పనిలో చాలా ప్రమాదకరం. ఎంత ఎడంతో చూశారు, ఎన్నిసార్లు చూశారు అని మ్యాపు మీద రాసి ఉంటేనే ఆ మాటకు విలువ.

ఇంకో ఇబ్బంది, మనం వెతికే అరగంటలో కూడా పడవ కదులుతూనే ఉంటుంది. గంటకు 1.5 మైళ్ళ చొప్పున ముప్పావు మైలు. కాబట్టి చదరం మొత్తాన్నీ ఆ దిశగా జరుపుతూ వెళ్ళాలి. కాగితం మీద ఇది చిరాకు పని, ఈ పాఠంలో వదిలేద్దాం.

దూరం కూడా చూడండి. విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ నుంచి మన డేటమ్‌కు సుమారు 200 నాటికల్ మైళ్ళు. ధ్రువ్ హెలికాప్టర్‌కు వెళ్ళడానికే గంటన్నర, రావడానికి మరో గంటన్నర. ఇక వెతకడానికి ఇంధనం ఏం మిగులుతుంది? గన్నవరంలో దిగి నింపుకునే వీలుంటే అక్కడి నుంచి 60 మైళ్ళే, అరగంట లోపు దారి. ఇలాంటి చోట డోర్నియర్ విమానం ముందు వెళ్ళి పడవను వెతికిపెడితే, హెలికాప్టర్ నేరుగా వెళ్ళి మనుషుల్ని వించితో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో, పైకి తీస్తుంది. సముద్రంలో ఈ పనులన్నిటినీ సమన్వయం చేసేది కోస్ట్ గార్డ్, మన తూర్పు తీరానికి చెన్నై కేంద్రం. తీరంలో ఉన్నవాళ్ళు 1554 నంబరు ఫోన్‌లో వేసుకోండి.

చదరం అన్నిచోట్లా పనికిరాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు వెళ్తూ నల్లమల మీద సంబంధాలు తెగిపోయినప్పుడు, తెలిసింది దారి మాత్రమే, చోటు కాదు. అలాంటప్పుడు ఆ దారి గీతకు అటూ ఇటూ వరుసలు తిరుగుతారు. మర్నాడు ఉదయం పావురాలగుట్ట దగ్గర దొరికింది. వానలో, మబ్బులో, కొండ అడవిలో చూపు వెడల్పు ఎంత కుంచించుకుపోతుందో ఊహించండి. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో మాయమైన వైమానిక దళ ఏఎన్-32 సంగతి ఇంకా కఠినం. అందులో 29 మంది ఉన్నారు. నెలల తరబడి వెతికినా దొరకలేదు. శకలాలు 2024 జనవరిలో, 3,400 మీటర్ల లోతున బయటపడ్డాయి. మనవాళ్ళు ఎక్కువగా చూసింది మాత్రం 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ మీద తిరిగిన హెలికాప్టర్లను. అక్కడ గాలింపు లెక్కతో పని లేదు, ప్రతి డాబా మీదా జనమే. అక్కడి టెన్షన్ కరెంటు తీగలది, రెక్కల గాలికి ఎగిరే రేకులది.

ఇప్పుడు కాళ్ళకు పని. గుంటూరులోనో విజయవాడలోనో, క్రికెట్ వాళ్ళు రాకముందే, పొద్దున్నే ఒక మైదానానికి వెళ్ళండి. తోడు వచ్చినవాళ్ళను 50 అడుగుల చదరంలో 20 చింతగింజలు చల్లమనండి, మీరు చూడకూడదు. ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని మధ్య నుంచి మొదలుపెట్టి, 10 అడుగుల ఎడంతో ఇందాకటి చదరం నడవండి. గింజల కోసం ఆగకండి, కనబడినవి లెక్కపెట్టండి చాలు. తర్వాత 4 అడుగుల ఎడంతో నడవండి. రెండు లెక్కలూ, రెండిటికీ పట్టిన సమయమూ పక్కపక్కన రాయండి. చూపును ఒకేచోట నిలిపి ఉంచకుండా, దగ్గర నుంచి దూరానికి చిన్న చిన్న అంగలుగా జరపండి. గబగబా ఊడ్చినట్టు తిప్పితే కన్ను ఏదీ పట్టుకోదు. ఎండకు ఎదురుగా నడిచే వరుసల్లో ఎన్ని తప్పిపోయాయో విడిగా గుర్తు పెట్టండి. తలుపు దగ్గర కూర్చుని చూసే సిబ్బందిని మధ్యమధ్యలో ఎందుకు మారుస్తారో అప్పుడు తెలుస్తుంది.

ఇంటిపని రెండు లెక్కలు. ఒకటి: ఎడం 2 మైళ్ళు, గీతలు 2, 2, 4, 4, 6, 6, వేగం 80 నాట్లు. సమయమెంత, వైశాల్యమెంత? రెండోది: నవంబరులో అదే చోట పడవ ఆగింది, ప్రవాహం నైరుతికి 1 నాట్, గాలి ఈశాన్యం నుంచి 10 నాట్లు, హెలికాప్టర్ 3 గంటల తర్వాత వస్తుంది. డేటమ్ ఎక్కడ? మొదటి గీత ఎటు గీస్తారు? జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో 120 డిగ్రీల మలుపులతో సెక్టర్ గాలింపు నేర్చుకుందాం, కోణమానిని దగ్గర పెట్టుకోండి.