పూడిక నేల మీద కట్టాలంటే: మేడ కన్నా ముందు వీధి సంగతి

శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ బే ఒకప్పుడు సముద్రపు కయ్య. 1906 భూకంపపు శిథిలాలతో సహా దొరికిందల్లా పోసి పూడ్చారు. ఇప్పుడక్కడ మేడలు పైల్స్ (నేలలోకి లోతుగా దించిన పునాది స్తంభాలు) మీద నిలబడే ఉన్నాయి. ఫుట్‌పాత్‌లు మాత్రం కుంగి గుమ్మాల నుంచి విడిపోయాయి. అలా కాకూడదంటే పని నేల దగ్గరే మొదలవ్వాలి.

మట్టి పరీక్షకు వేసే బోర్లు పూడికతో ఆపకండి. కింది మెత్తటి బంక దాటి గట్టి పొర తగిలేదాకా దించండి. నీటిమట్టం కింద వదులు ఇసుక ఉంటే భూకంపంలో అది జావలా మారుతుంది. 1989లో ఇదే ఊరి మెరీనా వీధుల్లో జరిగిందదే. అలాంటి ఇసుకను నేలలోకి దించే వైబ్రేటర్‌తో కుదించాలి. ఇసుకలో సన్నమట్టి 15–20 శాతం దాటితే కుదింపు పట్టదు, కంకర స్తంభాలు దించాలి.

బంకమట్టికి వైబ్రేటర్ దండగ. దానికి కావాల్సింది బరువు, నీళ్లు బయటికి పోయే దారి. అర మీటరు ఇసుక పరిచి, బంకలోని నీటిని బయటికి తెచ్చే 10 సెంటీమీటర్ల వెడల్పు డ్రెయిన్ పట్టీలను 1–1.5 మీటర్ల ఎడంతో ముక్కోణపు వరసల్లో గుచ్చండి. నీరు నడిచే దూరం సగమైతే పట్టే కాలం నాలుగో వంతవుతుంది. పైన మట్టి గుట్ట పోయండి: మీటరు ఎత్తుకు నేల మీద సుమారు 18–20 కిలోపాస్కల్స్ ఒత్తిడి పడుతుంది. రేపటి రోడ్డు, మెరక కలిపిన బరువు కన్నా ఇది ఎక్కువుండాలి. ఒక్కసారే పోస్తే బురద పక్కకు ఉబ్బి ఒడ్డుగోడను నెట్టేస్తుంది. పీజోమీటర్‌లో (మట్టిలోని నీటి ఒత్తిడిని కొలిచే పరికరం) ఒత్తిడి దిగాకే పై పొర పోయాలి.

నేల ఎంత దిగిందో చూపే కుంగుదల పలకల రీడింగు వారం వారం రాయండి. లెక్క ప్రకారం రావాల్సిన కుంగుదలలో 90 శాతం పూర్తయ్యాకే గుట్ట తీయాలి. మామూలుగా 6–12 నెలలు పడుతుంది. "ఇక చాలు" అనే ఒత్తిడి ఎటూ వస్తుంది. క్యాలెండరు కాదు, గ్రాఫు చూడండి.

పైల్స్ ఎక్కడ ఆగుతున్నాయో చూసుకోండి. ఇదే ఊళ్లో 2009లో పూర్తయిన 58 అంతస్తుల మిలీనియం టవర్ పైల్స్ రాతిదాకా వెళ్లలేదు, గట్టి ఇసుకలో ఆగాయి. దాని కింది బంక నలిగి 2016కల్లా టవర్ దాదాపు 16 అంగుళాలు దిగింది. కుంగే మట్టి పైల్‌ను పట్టి కిందికి లాగుతుంది కూడా. ఆ బరువునూ లెక్కలో వేయండి.

ఇంత చేసినా వీధి ఇంకాస్త దిగుతుంది. గుమ్మం దగ్గర కీలు పలక వేయండి: ఒక అంచు మేడ మీద, రెండోది నేల మీద. గ్యాసు, నీటి గొట్టాలు లోపలికొచ్చే చోట వంగే జాయింట్లు పెట్టండి. స్లాబు కింది మురుగు గొట్టాలను మట్టిమీద ఆనించకుండా తుప్పు పట్టని కొక్కేలతో స్లాబుకే వేలాడదీయండి. మట్టితోపాటు దిగితే వాలు తిరగబడి మురుగు వెనక్కి తంతుంది.