ఇంటర్‌సెప్ట్‌లు తప్పు వస్తున్నాయా? తప్పు ఎక్కడ పడుతోందో చూడండి

దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ చెప్తాను. తొమ్మిదో తరగతిలో రేఖీయ సమీకరణాలు రాగానే పిల్లలకి ఇంటర్‌సెప్ట్‌ల దగ్గర, అంటే సమీకరణం గీత ఎక్స్, వై అక్షాలను తాకే చోట్ల దగ్గర టెన్షన్ మొదలవుతుంది. జవాబు కలవకపోతే లెక్కంతా కొట్టేస్తారు. అంత అవసరం లేదు, తప్పు సాధారణంగా ఒక్క అడుగులోనే ఉంటుంది.

సమస్య: జవాబులు తారుమారు

3ఎక్స్ + 4వై = 24కి ఎక్స్ ఇంటర్‌సెప్ట్ 6, వై ఇంటర్‌సెప్ట్ 8 అని రాస్తారు.

కారణం: అడిగింది ఎక్స్ ఇంటర్‌సెప్ట్ కదా అని ఎక్స్‌నే సున్నా చేయడం.

పరిష్కారం: సూత్రం బట్టీ పట్టించకండి, గ్రాఫు కాగితం మీద వేలు పెట్టించండి. ఎక్స్ అక్షం వెంట వేలు ఎటు జరిపినా పైకీ పోదు, కిందికీ పోదు. అంటే అక్కడ వై ఎప్పుడూ సున్నాయే. వై బదులు 0 వేస్తే 3ఎక్స్ = 24, ఎక్స్ = 8. అలాగే ఎక్స్ బదులు 0 వేస్తే వై = 6. ఉత్త అంకెలు కాకుండా (8, 0), (0, 6) అని బిందువులుగా రాయించండి. ఈ ఒక్క అలవాటుతో చాలా తప్పులు పోతాయి.

సమస్య: గీత ఎక్కాల్సింది దిగుతోంది

2ఎక్స్ − 5వై = 20లో ఇది ఎక్కువ.

కారణం: వై ఇంటర్‌సెప్ట్ కోసం ఎక్స్ బదులు 0 వేస్తే 2ఎక్స్ పోతుంది, మైనస్‌కి ముందు ఏమీ మిగలదు. దేనిలోంచి తీసేయాలో తెలియక పిల్లలు ఆ గుర్తునే వదిలేస్తారు. వై = 4 అయిపోతుంది.

పరిష్కారం: 2(0) − 5వై = 20 అని పూర్తిగా రాయాలి. అప్పుడు వై = −4. ఇంకో బిందువుతో సరిచూడండి: ఎక్స్ = 5 అయితే వై = −2. (10, 0), (5, −2), (0, −4) మూడూ స్కేలు అంచుకి ఆనితే లెక్క సరైనదే. సమీకరణం 2ఎక్స్ − 5వై + 20 = 0 అని ఇస్తే ముందు 20ని అవతలికి పంపండి, గుర్తు మారుతుంది.

సమస్య: రెండు ఇంటర్‌సెప్ట్‌లూ సున్నాయే

వై = 3ఎక్స్‌లో అది తప్పు కాదు. గీత మూలబిందువు గుండా పోతోంది. గీయడానికి (1, 3) తీసుకోండి. ఎక్స్ = 4 మాత్రం వై అక్షాన్ని తాకని నిలువు గీత, దానికి వై ఇంటర్‌సెప్ట్ ఉండదు. సున్నా అని రాయకూడదు, లేదని రాయాలి.

సమస్య: జవాబు సరే, అర్థమే తెలియదు

అపార్ట్‌మెంట్ పైన వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుగా ఉంది, నిమిషానికి 20 లీటర్లు పోతోంది అనుకోండి. ఎక్స్ అంటే గడిచిన నిమిషాలు, వై అంటే మిగిలిన లీటర్లు: వై = 1000 − 20ఎక్స్. వై ఇంటర్‌సెప్ట్ 1000, అంటే మొదట్లో ఉన్న నీళ్లు. ఎక్స్ ఇంటర్‌సెప్ట్ 50, అంటే ట్యాంకు ఖాళీ అయ్యే నిమిషం. ఇక్కడ గీతని (50, 0) దగ్గరే ఆపాలి, ట్యాంకులో మైనస్ లీటర్లు ఉండవు కదా.