అఫిడవిట్‌ను చివరి నుంచి చదవండి
ఓటుకు ముందు అభ్యర్థి అఫిడవిట్ తెరిస్తే స్కాన్ చేసిన పేజీలే పేజీలు. సర్వే నంబర్లు, బంగారం గ్రాములు... రెండో పేజీకే ఓపిక అయిపోతుంది. మొదటి నుంచి చదవక్కర్లేదు. కేంద్ర ఎన్నికల సంఘం యాప్‌లోని 'నో యువర్ క్యాండిడేట్' (మీ అభ్యర్థిని తెలుసుకోండి) విభాగంలో మీ నియోజకవర్గం ఎంచుకుని, అభ్యర్థి ఫారం 26 (అఫిడవిట్ ఉండేది ఈ ఫారంలోనే) డౌన్‌లోడ్ చేసి, నేరుగా చివర్లో ఉండే పార్ట్ బికి వెళ్లండి. పెండింగ్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అక్కడ క్లుప్తంగా పట్టికలో ఉంటాయి. కేసులు కనిపిస్తే మాత్రం వెనక్కి, పార్ట్ ఏకి వెళ్లి సెక్షన్లు చూడాలి. ధర్నా కేసైనా దాడి కేసైనా అంకెల్లో ఒకటే మరి! నాకు ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పట్టింది.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకు ఇది పనికిరాదు. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం పరిధిలోవి, ఆ అభ్యర్థులు ఈ యాప్‌లో కనిపించరు.