కొత్త ల్యాప్‌టాప్‌కి ఎంత ర్యామ్ కావాలో పాతదే చెబుతుంది

కొత్త ల్యాప్‌టాప్ అనగానే 8 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) సరిపోతుందా, 16 కోసం అదనంగా డబ్బు పెట్టాలా అని టెన్షన్. ఈసారి నేను రివ్యూలు చూడటం మానేసి పాత ల్యాప్‌టాప్‌నే గమనించాను.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ తెరవండి. నాలుగైదు రోజులు, పని బాగా ఎక్కువగా ఉన్నప్పుడు అక్కడి అంకెలు రాసుకోండి. మెమరీ, అంటే ర్యామ్ వాడకం, తరచూ 85 శాతం దాటుతుంటే ర్యామ్‌కి డబ్బు పెట్టొచ్చు. 60 దగ్గరే ఆగుతుంటే అనవసరం. సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం, చాలాసేపు 100 దగ్గరే ఉంటే మెరుగైన ప్రాసెసర్ చూడాలి. డిస్క్ ఒక్కటే 100 చూపిస్తూ, లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన స్టోరేజ్) వేయించి చూడండి. కొత్తది కొనే పనే తప్పొచ్చు! మ్యాక్‌లో అయితే యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ గ్రాఫ్ రంగు చూడండి. పచ్చగా ఉంటే ఇబ్బంది లేదు.

అంకెలు అటూ ఇటూ కాకుండా ఉంటే ఎక్కువ ర్యామే తీసుకోండి, చాలా సన్నటి మోడళ్లలో అది బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేం.

వీడియో ఎడిటింగ్ లాంటి కొత్త పని మొదలుపెట్టబోతుంటే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ అడిగే స్పెక్స్ చూసుకోవాల్సిందే.