దారంతో సౌర కుటుంబం: పిల్లలకు దూరాలు ఇలా చూపించండి

గ్రహాల పేర్లు బట్టీ పట్టించే ముందు మూడు మీటర్లు దాటిన దారం ఒకటి తీసుకోండి. ఒక చివర సూర్యుడు. అక్కడి నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర బుధుడు, 7 దగ్గర శుక్రుడు, 10 దగ్గర భూమి, 15 దగ్గర కుజుడు, ఇలా పిల్లల చేతే ముడులు వేయించండి. తర్వాత గురుడి కోసం ఏకంగా 52కి వెళ్లాలి, శనికి 96, యురేనస్‌కి 192, నెప్ట్యూన్‌కి 300! పుస్తకాల్లో గ్రహాలన్నీ పక్కపక్కనే గీస్తారు కాబట్టి ఈ ఖాళీ చూసి పిల్లలు నోరు తెరుస్తారు, నాకైతే పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఈ కొలతలో సూర్యుడు సుమారు 1 మిల్లీమీటరు చుక్క, భూమి కంటికి కనిపించదు. నిజానికి గ్రహాలు ఇలా వరసలో నిలబడవు, సూర్యుడి చుట్టూ తలో చోట తిరుగుతుంటాయని తప్పకుండా చెప్పండి. సూర్యుడి తర్వాత దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ ఎక్కడని అడిగితే, దాదాపు 27 కిలోమీటర్ల దారం కావాలి.