చూడకుండా రాయొద్దు: సైకియాట్రీ వార్డులో మొదటిసారి చేరుతున్న నర్సులకు జాగ్రత్తలు

ఆ పేషెంట్ బాత్రూంలో స్పృహ లేకుండా కనబడింది రాత్రి 1:40కి. అతని అబ్జర్వేషన్ చార్టులో (వెళ్లి చూసినప్పుడల్లా టిక్కు పెట్టాల్సిన కాగితంలో) మాత్రం 3:00 వరకు టిక్కులు పడి ఉన్నాయి.

కిందటి నెల హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది ఇది. పేరు రాయను. అతను ఐసీయూలో పదకొండు రోజులు ఉండి బతికాడు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి నా దగ్గర పని నేర్చుకున్నదే. చేరి ఐదు వారాలైంది. బద్ధకస్తురాలు కాదు, పని ఎగ్గొట్టే మనిషి కాదు. ముప్పై మంది పేషెంట్లకు ఇద్దరే సిస్టర్లు, అందులో ఒకరు కొత్త అడ్మిషన్ దగ్గర ఇరుక్కుపోయారు. పన్నెండింటికి కాస్త తీరిక దొరికింది. మళ్లీ దొరకదేమోనని మూడు గంటల వరకు గడులన్నీ నింపి పెట్టుకుంది. "అందరూ అట్లనే చేస్తరు కదా మేడమ్" అని నా ముందు ఏడ్చింది. నిజమే, చాలామంది చేస్తారు. నా పంతొమ్మిదేళ్ల సర్వీసులో నర్సులను ముంచింది ఎక్కువగా ఈ ఒక్క తప్పే. అందుకే రాస్తున్నాను.

ఈ నెలలో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసిన కొత్తవాళ్లు చాలామంది సైకియాట్రీ వార్డుల్లో చేరుతున్నారు. చదువుకునే రోజుల్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో పోస్టింగ్ చేసి ఉంటారు. అప్పుడు మీ చేతిలో తాళాలు లేవు, మీ సంతకం ఎక్కడా పడలేదు. ఇప్పుడు రెండూ మీవే. పేషెంట్లతో మర్యాదగా మాట్లాడాలని, చేతులు కడుక్కోవాలని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి అవి వదిలేస్తున్నాను.

ఇంట్లోవాళ్లు మిమ్మల్ని భయపెట్టే ఉంటారు. "పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా, ఎవరైనా కొడితే?" అని. దెబ్బ తగిలే అవకాశం ఉంది, లేదనను. కానీ కొత్త సిస్టర్ల టెన్షన్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది, తప్పు జరిగేది ఇంకోచోట. అరిచే పేషెంట్ దగ్గరికి నలుగురూ పరుగెత్తుతారు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి దగ్గరికి ఎవరూ వెళ్లరు. మీరు అక్కడికి వెళ్లండి.

చూడటం అంటే ఏమిటి

తలుపు దగ్గర నిలబడి టార్చి వేసి "పడుకున్నాడులే" అనుకోవడం చూడటం కాదు. దుప్పటి కింద దిండ్లు ఉండొచ్చు. మంచం దాకా వెళ్లండి. ముఖం, మెడ కనబడాలి. ఛాతీ లేచి దిగడం కనీసం మూడుసార్లు చూడాలి. నిండా ముసుగు తన్ని పడుకుంటే "అన్నా, ఒక్కసారి ముఖం చూపించండి" అని అడగండి. నిద్ర చెడగొట్టారని తిడతారు. తిట్టనివ్వండి. బాత్రూంలో ఉంటే తలుపు కొట్టి, గొంతు వినండి. నీళ్ల చప్పుడు జవాబు కాదు.

లెక్క వేసుకోండి. పదిహేను నిమిషాలకోసారి చూడాల్సిన ఒక పేషెంట్‌కు పన్నెండు గంటల నైట్ డ్యూటీలో 48 గడులు. అలాంటివాళ్లు ఆరుగురు ఉంటే 288. అన్ని గడులు కళ్ల ముందు ఉంటే ఎవరికైనా చెయ్యి ముందుకే పోతుంది. ఆ చెయ్యిని మొదటి వారంలోనే ఆపాలి. ఒక్క రాత్రి ముందుగా నింపి ఏమీ కాలేదంటే, మర్నాటి నుంచి అదే పద్ధతి అయిపోతుంది.

అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. గడి ఖాళీగా ఉంటే పక్క సిస్టర్ చూసి, "ఇతన్ని ఎవరూ చూసినట్టు లేదే" అని లేచి వెళ్తుంది. టిక్కు ఉంటే వెళ్లదు. మీరు పెట్టిన దొంగ టిక్కు ఆ పేషెంట్‌కు మిగిలిన ఇంకో జత కళ్లను కూడా మూసేస్తుంది. ఆ రాత్రి జరిగింది సరిగ్గా అదే. రెండో సిస్టర్ 1:20కి చార్టు చూసింది, అన్నీ నిండుగా ఉన్నాయి, తన పనికి తను వెళ్లిపోయింది.

చూడలేకపోతే ఖాళీ వదలండి. "2:15కి వేరే పేషెంట్‌కు ఫిట్స్ రావడంతో చూడలేదు. 2:35కి చూశాను, మెలకువగా ఉన్నారు, మాట్లాడారు" అని రాయండి. దానికి మెమో వస్తే రానివ్వండి. మెమోకు జవాబు రాసుకోవచ్చు. మనుషులు చాలని రాత్రి ఆ సంగతి నైట్ సూపర్‌వైజర్‌కు ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రిపోర్టు బుక్కులో టైముతో సహా రాయండి.

ఇంకో విషయం. సరిగ్గా పదిహేను నిమిషాలకే వెళ్లకండి. పేషెంట్లు మన అడుగుల చప్పుడుతో టైము లెక్కపెడతారు. ఒకసారి తొమ్మిది నిమిషాలకు, ఇంకోసారి పన్నెండుకు వెళ్లండి. పదిహేను దాటకూడదు, అంతే.

మరీ కళ్లు తెరుచుకుని ఉండాల్సిన వేళలు కొన్ని ఉన్నాయి. డ్యూటీ మారే అరగంట, భోజనం ట్రాలీ వచ్చినప్పుడు, అడ్మిషన్ అయిన మొదటి వారం, ఇంటినుంచి ఫోన్ వచ్చాక. ఇంకొకటి కొత్తవాళ్లు నమ్మరు. రోజుల తరబడి ముభావంగా ఉన్న మనిషి ఒక్కసారిగా తేలికపడి, అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడుతూ, తన వస్తువులు పంచిపెడుతుంటే అది బాగుపడటం అనుకోకండి. వెంటనే డాక్టర్‌కు చెప్పండి. ఆ రోజు అతని దగ్గర ఇంకా ఎక్కువసేపు కూర్చోండి. చనిపోవాలని ఉందా అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామంది ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు.

మందుల దగ్గర కూడా ఇదే తప్పు

చూడకుండా రాయడం అబ్జర్వేషన్ చార్టుతో ఆగదు. మాత్ర చేతికిచ్చి, మింగాడో లేదో చూడకుండా "ఇచ్చాను" అని రాస్తారు. మాత్ర చెంపలోనో నాలుక కిందో ఉండిపోతుంది. అలా దాచిన ఇరవై ముప్పై మాత్రలు ఒకేరోజు మింగినవాళ్లను నేను చూశాను. నీళ్లు తాగించండి, రెండు మాటలు మాట్లాడించండి, నోరు తెరిపించి చూడండి, ఆ తర్వాతే సంతకం.

"రాత్రి బాగా నిద్రపోయారు" అన్నది మన నోట్సులో అందరూ అలవాటుగా రాసే మాట. మేనియాలో (మితిమీరిన హుషారులో) ఉన్న పేషెంట్ రెండు గంటలే పడుకుంటే, మీరు ఆ మాట రాస్తే, పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ దాన్ని నమ్మి డోసు తగ్గిస్తారు. ఎన్ని గంటలకు పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, అది రాయండి.

స్కిజోఫ్రెనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడుతున్న పేషెంట్‌కు మోషన్ అయిందా అని అడగకుండా "అయింది" అని రాయొద్దు. ఆ మందుతో మలబద్ధకం ముదిరి పేగు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. గొంతునొప్పి, జ్వరం అంటే ఇంకా జాగ్రత్త. తెల్ల రక్తకణాలు పడిపోయి ఉండొచ్చు. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించేది అందుకే.

మేనియాకు ఇచ్చే లిథియం విషయంలో మన ఊరి ఎండలు గుర్తుపెట్టుకోండి. మే నెలలో వార్డులో ఫ్యాన్లు వేడిగాలే కొడతాయి. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు ఎక్కువవడం, తాగినవాడిలా తూలడం, మాట ముద్దగా రావడం. ఇందులో ఏది కనబడినా తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఒళ్లునొప్పులన్నాడని డైక్లోఫినాక్, ఐబుప్రొఫేన్ మీ అంతట మీరు ఇవ్వకండి, అవి లిథియాన్ని ఇంకా పెంచుతాయి. రక్తం తీయాల్సింది చివరి డోసు వేసిన 12 గంటలకు. ఏ టైముకు తీశారో మీ కళ్లతో చూసి రాయండి.

ఆవేశం తగ్గించే సెరినేస్ ఇంజెక్షన్ చేశాక కుర్రవాడి మెడ పక్కకు తిరిగిపోయి, కళ్లు పైకి పోతే "యాక్టింగ్ చేస్తున్నాడు" అనే సీనియర్ ఉంటుంది. వినకండి. అది మందు వల్ల వచ్చే బిగుతు, ఫెనర్గాన్‌తో తగ్గుతుంది. బిగుతుతో పాటు జ్వరం, చెమటలు, మనిషి తికమకగా ఉండటం కలిస్తే అది వేరే సంగతి, ప్రాణాపాయం. ఆ నిమిషంలోనే డాక్టర్ రావాలి.

కల్లు గురించి అడగండి

అడ్మిషన్ కాగితంలో "మందు తాగుతారా" అన్న గడిలో "లేదు" అని రాసి, మూడోరోజు ఫిట్స్ వచ్చిన కేసులు మన నగరంలో ఎన్నో. అబద్ధం చెప్పింది పేషెంట్ కాదు. చాలా ఇళ్లలో కల్లు మందు లెక్కలోకి రాదు. ఆడవాళ్లయితే ఇంకా చెప్పరు. "కల్లు కాంపౌండ్‌కు పోతారా? రోజుకు ఎన్ని సీసాలు? ఆఖరిగా ఎప్పుడు తాగారు?" అని విడిగా, చుట్టాలు లేనప్పుడు అడగండి. కల్తీ కల్లులో అల్ప్రాజొలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఒక్కసారిగా ఆగితే ఒళ్లు వణుకుతుంది, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కాంపౌండ్లు మూతపడినప్పుడు ఎర్రగడ్డ ఓపీ ఇలాంటివాళ్లతో నిండిపోయింది. అలాంటి పేషెంట్ రాత్రి పురుగులు పాకుతున్నాయంటే మానసిక జబ్బు ముదిరిందనుకోకండి. పల్స్, బీపీ, టెంపరేచర్ చూడండి. నిజంగా చూడండి, పై గడిలోది కింద ఎక్కించకండి. తాగుడు ఉన్నవాళ్లకు గ్లూకోజ్ ఎక్కించేముందు థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చారా అని అడగండి.

కట్టేయడం

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 97వ సెక్షన్. చదవండి, రెండు పేజీలు కూడా ఉండదు. ఒంటరి గదిలో పెట్టి తాళం వేయడం పూర్తిగా నిషేధం. కట్టడం అన్నది అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, బాధ్యత ఉన్న సైకియాట్రిస్ట్ అనుమతితోనే. శిక్షగా కట్టకూడదు. స్టాఫ్ లేరని కట్టకూడదు. ఎందుకు, ఎంతసేపు అన్నది రాయాలి, 24 గంటల్లోపు పేషెంట్ తరఫు ప్రతినిధికి తెలియజేయాలి.

కట్టిన మనిషిని వదిలి ఎక్కడికీ వెళ్లకండి. వేళ్లు చల్లబడ్డాయా, ఊపిరి ఎలా ఉంది, నీళ్లు కావాలా, మూత్రం వస్తోందా. బోర్లా పడుకోబెట్టకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది పోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు, కదల్లేక కాలిపోయారు. వార్డు తాళాలు మీ జేబులో ఉన్నంతసేపు ఆ సంగతి మర్చిపోవద్దు.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

జడ వదలకండి, ముడి వేసుకోండి. ఐడీ కార్డు మెడలో తాడుతో వద్దు, పిన్నుతో పెట్టుకోండి. మంగళసూత్రం గొలుసు యూనిఫాం లోపల ఉండాలి.

తలుపుకూ పేషెంట్‌కూ మధ్య మీరుండాలి, మీకూ తలుపుకూ మధ్య పేషెంట్ కాదు. కానీ అతని దారికి అడ్డంగా నిలబడకండి. దారి మూసుకుపోయిందనుకున్న మనిషే చెయ్యి ఎత్తుతాడు.

పగలగొట్టిన యాంప్యూల్ ముక్కలతో సహా లెక్క పెట్టండి. కత్తెర, బ్లేడు, పెన్ను, స్పూన్లు. షేవింగ్ రోజు ఎన్ని ఇచ్చారో అన్నీ వెనక్కి రావాలి. "అన్నీ ఉన్నాయి" అని లెక్కపెట్టకుండా రాయొద్దు.

చుట్టాలు తెచ్చిన సంచి వాళ్ల ముందే విప్పి చూడండి. చున్నీ, బెల్టు, ఛార్జర్ వైరు, పైజమా నాడా. మొహమాటపడకండి.

"నువ్వొక్కదానివే నాతోని మంచిగ మాట్లాడతవ్ సిస్టర్, ఎవ్వరికీ చెప్పకు" అని ఏదైనా చెప్పబోతే, వినేముందే చెప్పండి: "మీ ప్రాణానికి సంబంధించినదైతే డాక్టర్‌కు చెప్తాను." మాట ఇచ్చి దాచొద్దు.

ఫోన్ నంబర్ ఇవ్వకండి. డబ్బు ఇవ్వొద్దు, తీసుకోవద్దు.

వార్డులో రీల్స్ వద్దు. సెల్ఫీ వద్దు. వెనకాల మంచం మీద ఉన్న మనిషి ముఖం వాట్సాప్ స్టేటస్‌లో పడితే అతని పెళ్లి, ఉద్యోగం పోతాయి. చట్టం కూడా ఒప్పుకోదు.

నమ్మకాలతో వాదించకండి. "నా అన్నంలో విషం కలిపిన్రు" అంటే లేదని తగువుపడొద్దు, అవునని తలూపొద్దు. "భయంగా ఉందా?" అని అడగండి.

ఒలాంజపిన్, లోరాజెపామ్ ఇంజెక్షన్లు రెండూ ఒకేసారి రాసి ఉంటే చేయకుండా ఆగి డాక్టర్‌ను అడగండి. నిద్ర ఇంజెక్షన్ చేశాక ఊపిరి లెక్కపెట్టండి. పద్దెనిమిది అని ఊహించి రాయకండి, లెక్కపెట్టండి.

హ్యాండోవర్ కుర్చీలో కూర్చుని తీసుకోవద్దు. మంచం మంచానికీ వెళ్లి, మనిషిని చూసి, అప్పుడు సంతకం. ముందు డ్యూటీ సిస్టర్‌కు బస్సు టైమైందని తొందరపెడితే పెట్టనివ్వండి.

మీరు లేనప్పటి డ్యూటీకి సంతకం చేయమంటే చేయొద్దు. ఎవరడిగినా. ఇన్‌చార్జి అడిగినా.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రికి అప్పగించకండి. జిరాక్సులు ఇవ్వండి. ఇలాంటి సంతకాలకు ఒత్తిడి వచ్చిన రోజు, మీ కాగితాలు మీ దగ్గరుంటేనే కాదనగలుగుతారు.

ఒక పేషెంట్‌ను పోగొట్టుకున్నా, దెబ్బ తిన్నా హాస్టల్ గదిలో ఒంటరిగా మింగుకోకండి. 14416 టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ పేషెంట్లకే అనుకోవద్దు, మీరూ చేయండి. కిందటి నెల ఆ అమ్మాయి చేతనూ నేనే చేయించాను.

సెకన్ల ముల్లున్న చేతి గడియారం కొనుక్కోండి, చిన్న టార్చి కూడా. మంచం దగ్గర నిలబడి, గడియారం చూసి, ఆ టైము రాయండి. పై గడిలోదానికి పదిహేను కలిపి రాయొద్దు.